బూజు పాతదే.. దారి ఇచ్చింది ఎవరు?

బ్లాక్ ఫంగస్‌ను కరెంట్ అఫైర్స్ బిట్‌లా బట్టీ పట్టకండి. ఒక వైఫల్యాన్ని విడదీసి చూడటం దాని నుంచి నేర్చుకోండి

కొవిడ్ గురించి ఇంటర్వ్యూలోనో, గ్రూప్ డిస్కషన్‌లోనో అడిగితే మనలో చాలామంది లాక్‌డౌన్, వ్యాక్సిన్, వర్క్ ఫ్రం హోమ్ దగ్గర ఆగిపోతాం. ‘మరి 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ ఎందుకు వచ్చింది?’ అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం ‘కొత్త ఫంగస్ సర్, కొవిడ్ వల్ల వచ్చింది’ అనేస్తాం. ఆ చిన్న వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఆ ఫంగస్ కొత్తది కాదు. కొవిడ్ ఒక్కదాని వల్లే అది రాలేదు. ఈ రెండూ ఎందుకు తప్పో అయిదు నిమిషాల్లో చెప్పగలిగితే మీరు వార్తలు చదివే అభ్యర్థి స్థాయి దాటి, విషయాన్ని విశ్లేషించే అభ్యర్థి అవుతారు.

ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో అమ్మకో, నాన్నకో, తాతయ్యకో షుగర్ ఉండే ఉంటుంది. వాళ్లకు జ్వరం వస్తే మందుల చీటీ చదివేది, ఫోన్‌లో వెతికేది, ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లేది మీరే. కాబట్టి ఇది మార్కుల కోసం మాత్రమే తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

నేను డాక్టర్ని కాను. ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ మీద రాసుకునేవాణ్ని. కానీ ఒక యంత్రం ఆగిపోతే ఇంజినీర్ వేసే మొదటి ప్రశ్న ఇక్కడా పనికొస్తుంది: ఒకేసారి ఎన్ని భాగాలు పనిచేయడం మానేశాయి?

అంబాజీపేటకు తెలిసిన లెక్క

కోనసీమలో కొబ్బరి వ్యాపారానికి అంబాజీపేట ఎంత పేరున్న మార్కెట్టో చెప్పక్కర్లేదు. అక్కడ ఎండుకొబ్బరి చేసే ఏ రైతునైనా అడగండి, బూజు గురించి చిన్న పాఠం చెబుతాడు. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీరే. దాన్ని ఎండబెట్టి తేమ ఆరు శాతం దగ్గరకు తెస్తేనే నిల్వ ఉంటుంది. మధ్యలో ముసురు పట్టిందా, సరిగా ఆరకుండా బస్తాల్లో కట్టారా, నాలుగు రోజుల్లో బూజు కనిపిస్తుంది.

ఆ బూజు బయటి నుంచి ఆ రోజే రాలేదు. దాని విత్తనాల్లాంటి సిద్ధబీజాలు గాలిలో, మట్టిలో, పేడకుప్పలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉంటాయి. బాగా ఆరిన కొబ్బరి మీద పడితే ఏమీ చేయలేవు. తేమ దొరికితే మొలకెత్తుతాయి. బూజు పట్టిన సరకు చూసి రైతు గాలిని తిట్టుకోడు. ‘సరిగా ఆరలేదు’ అంటాడు. తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు.

బ్లాక్ ఫంగస్ కథ కూడా సరిగ్గా ఇదే. వైద్యులు దాన్ని మ్యూకర్‌మైకోసిస్ అంటారు. మన దేశంలో ఎక్కువగా కారణమయ్యేది రైజోపస్ అనే బూజు. పాత రొట్టె మీద, కుళ్లుతున్న పండ్ల మీద పెరిగేవీ ఈ జాతి బూజులే. వాటి సిద్ధబీజాలను మీరు, నేను రోజూ పీలుస్తూనే ఉన్నాం. మనకు ఏమీ కావడం లేదంటే, మన శరీరం ‘బాగా ఆరిన కొబ్బరి’లా ఉందని అర్థం. ఆ రక్షణ పోయినప్పుడే అసలు సమస్య.

ఇంకో మాట. ఫంగస్ అనగానే శత్రువు అనుకోకండి. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి తోటల మీద పడిన సర్పిలాకార తెల్లదోమను అదుపు చేయడానికి ఐసేరియా అనే ఫంగస్‌నే పెంచి రైతులకు ఇచ్చింది. కొబ్బరి వేర్లను కుళ్లబెట్టే గానోడెర్మా తెగులు ఒక ఫంగస్ అయితే, దాని మీద వాడే ట్రైకోడెర్మా కూడా ఫంగసే. ఏది, ఎక్కడ, ఏ పరిస్థితిలో పెరుగుతోంది అన్నదే లెక్క.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2021 జులైలో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన వివరాల ప్రకారం దేశంలో 45 వేలకు పైగా బ్లాక్ ఫంగస్ కేసులు వచ్చాయి. 4,300 మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్ర, గుజరాత్‌లలో కేసులు ఎక్కువ. మే 20న కేంద్రం అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి, దీన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధుల జాబితాలో పెట్టమంది. తెలంగాణ ఆ పని వెంటనే చేసి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన చికిత్స కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

ఇప్పుడు ఈ అంకెను ఇంకో అంకె పక్కన పెట్టండి. ఆ నాటికి దేశంలో నమోదైన కొవిడ్ కేసులు 3.1 కోట్ల పైమాటే. అంటే నమోదైన ప్రతి వెయ్యి కొవిడ్ కేసులకు సుమారు ఒకటిన్నర బ్లాక్ ఫంగస్ కేసు. కొవిడ్ ఒక్కటే కారణమైతే ఈ నిష్పత్తి ఇంత తక్కువ ఉండేది కాదు. అదనంగా ఇంకేదో కావాలి.

ఆ ఇంకేదో ఏంటి? 2021లోనే వచ్చిన ఒక సమీక్ష, అప్పటివరకు ప్రపంచవ్యాప్తంగా వైద్య పత్రికల్లో వచ్చిన 101 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చింది. వాళ్లలో 82 మంది మన దేశంవాళ్లే. 80 శాతం మందికి షుగర్ ఉంది. 76 శాతం మంది స్టెరాయిడ్లు వాడారు. అంతకుముందు, 2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు మన దేశంలో 16 ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 287 మంది మ్యూకర్‌మైకోసిస్ రోగులను పరిశీలించింది. వాళ్లలో 187 మందికి కొవిడ్ వచ్చింది. 2019లో అదే నాలుగు నెలలతో పోలిస్తే కేసులు 2.1 రెట్లు పెరిగాయి. అంటే రెండో వేవ్‌కు ముందే హెచ్చరిక వచ్చేసింది.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా గమనించండి. కొవిడ్ లేని రోజుల్లోనూ మన దేశంలో ఈ వ్యాధి ఉంది. అభివృద్ధి చెందిన దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది 70, 80 రెట్లు ఎక్కువని అంచనాలు ఉన్నాయి. కొవిడ్‌కు ముందు 465 మంది భారతీయ రోగులపై జరిగిన అధ్యయనంలో 73 శాతానికి పైగా షుగర్ ఉన్నవాళ్లే. కొవిడ్ కొత్త సమస్యను పుట్టించలేదు. ఎప్పటి నుంచో ఉన్న పగులును వెడల్పు చేసింది.

మూడు తాళాలు ఎలా ఊడాయి?

డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో యాండ్ గేట్ గుర్తుందా? ఇన్‌పుట్‌లన్నీ ఒకటైతేనే ఔట్‌పుట్ ఒకటి. ఇక్కడ కూడా దాదాపు అదే జరిగింది. మూడు ఇన్‌పుట్‌లు చూద్దాం.

మొదటిది షుగర్. గాలిలోంచి వచ్చిన ఫంగస్‌ను ముందుగా ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువ కాలం అదుపు తప్పితే అవి మందగిస్తాయి. శత్రువు ఉన్న చోటుకు చేరడంలో ఆలస్యం, చేరాక చంపడంలోనూ నీరసం. రెండో సమస్య ఇనుము. రైజోపస్ పెరగడానికి ఇనుము కావాలి. మామూలుగా మన రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ ఇనుమును గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఫంగస్‌కు దొరకనివ్వదు. షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారితే (దీన్నే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు) ఆ పట్టు సడలుతుంది. ఇనుము వదులవుతుంది. ఇక మూడోది, గ్లూకోజ్, ఇనుము రెండూ పెరిగినప్పుడు మన కణాల మీద జీఆర్‌పీ78 అనే ప్రొటీన్ ఎక్కువవుతుంది. ఫంగస్ దాన్నే పట్టుకుని కణంలోకి దిగుతుంది. కాపలాదారు నిద్రపోవడం, వంటగది తెరిచి ఉండటం, గోడకు నిచ్చెన ఆనించి ఉండటం.. మూడూ ఒక్క షుగర్ వల్లే.

రెండోది వైరస్. ‘ఇమ్యూనిటీ తగ్గింది’ అని మనం సులువుగా అనేస్తాం కానీ తీవ్రమైన కొవిడ్‌లో జరిగింది అంతకంటే చిక్కైన విషయం. ఒకవైపు లింఫోసైట్లు అనే రక్షణ కణాల సంఖ్య పడిపోయింది. మరోవైపు ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలు అవసరానికి మించి పెరిగాయి. అంటే వ్యవస్థ ఒకచోట బలహీనం, మరోచోట అతి. వైద్యులు దీన్ని రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడం అంటారు. ఫైర్ అలారం చెవులు పగిలేలా మోగుతోంది, కానీ నీళ్ల పైపులో ప్రెజర్ లేదు అనుకోండి. ఈ వాపు వల్ల షుగర్ ఇంకా పెరుగుతుంది. కొందరికి షుగర్ ఉన్న సంగతి కొవిడ్ సమయంలోనే మొదటిసారి బయటపడింది.

మూడోది స్టెరాయిడ్. ఆ అతి వాపును తగ్గించడానికి ఇచ్చే మందే ఇది. వాపుతో పాటు రక్షణ కణాల పోరాటాన్నీ తగ్గిస్తుంది. కాలేయం గ్లూకోజ్ ఎక్కువ తయారుచేసేలా, ఇన్సులిన్ సరిగా పనిచేయకుండా చేసి షుగర్‌ను పైకి నెడుతుంది. మళ్లీ మొదటి ఇన్‌పుట్ దగ్గరకే వచ్చాం. షుగర్, వైరస్, స్టెరాయిడ్ ఒకదాన్నొకటి పెంచుకునే చక్రం ఇది.

ఈ చక్రం తిరిగినప్పుడు ముక్కులో కూర్చున్న సిద్ధబీజం మొలకెత్తుతుంది. సైనస్‌ల నుంచి కంటి గూటికి, అక్కడి నుంచి మెదడుకు పాకుతుంది. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కణజాలం చచ్చి నల్లబడుతుంది. ‘బ్లాక్’ అన్న పేరు అందుకే. నలుపు ఫంగస్‌ది కాదు, చనిపోయిన మన కణజాలానిది. రక్తం వెళ్లని చోటికి మందూ వెళ్లదు. అందుకే ఆ భాగాన్ని సర్జరీ చేసి తీసేయాల్సి వస్తుంది. ఎంతోమంది కన్ను, పైదవడ కోల్పోయింది ఇలాగే.

మంచి మందే.. వాడకంలోనే తేడా

ఇది చదివి ‘స్టెరాయిడ్లు విషం’ అన్న నిర్ణయానికి వచ్చేయకండి. గ్రూప్ డిస్కషన్‌లో ఎక్కువమంది చేసే తప్పు అదే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు 2020 జూన్‌లో వచ్చాయి. రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్, గరిష్ఠంగా పది రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కి తగ్గాయి. చవకైన పాత మందు ఇన్ని ప్రాణాలు కాపాడటం నిజంగా గొప్ప విషయం.

అదే ట్రయల్‌లో మూడో వరస కూడా ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఈ మందు వల్ల మేలు కనిపించలేదు. మందు ఇచ్చినవాళ్లలో మరణాలు 17.8 శాతం, ఇవ్వనివాళ్లలో 14 శాతం. ఈ తేడా గణాంకపరంగా గట్టిది కాకపోయినా, మేలు మాత్రం లేదని తేల్చింది.

మన దగ్గర రెండో వేవ్‌లో ఏం జరిగింది? మందుల చీటీలు వాట్సాప్‌లో తిరిగాయి. ఒకరికి రాసిన చీటీతో ఇంకొకరు కొనుక్కున్నారు. ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే మొదలుపెట్టారు. పది రోజులు వాడాల్సింది ఇంకా పొడిగించినవాళ్లున్నారు. మందు వాడుతూ రోజూ షుగర్ చూసుకున్నవాళ్లు ఎంతమంది? ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్ కొన్నారు, గ్లూకోమీటర్ గురించి ఆలోచించలేదు. ట్రయల్ ఫలితంలో మొదటి రెండు వరసలు అందరికీ చేరాయి, మూడో వరస చేరలేదు. ఒక పరిశోధన ఫలితాన్ని సగమే చదివితే ఏమవుతుందో దీనికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

దీంట్లో సామాన్యుడి తప్పు ఎంత, వ్యవస్థ తప్పు ఎంత అన్నది న్యాయంగా చూడాలి. బెడ్ దొరకని రోజులవి. కోనసీమ అప్పటికి తూర్పుగోదావరిలో భాగం. 2022 ఏప్రిల్‌లో గానీ వేరే జిల్లా కాలేదు. పెద్ద ప్రభుత్వాసుపత్రి అంటే గోదావరి దాటి కాకినాడ జీజీహెచ్‌కి వెళ్లాలి. భయంలో ఉన్న మనిషి చేతికి దొరికిన మాత్ర వేసుకుంటాడు. కాబట్టి ‘జనానికి అవగాహన లేదు’ అని ఒక్క మాటతో వదిలేస్తే అది విశ్లేషణ కాదు.

126 వయల్స్ లెక్క

ఈ వ్యాధికి ప్రధానమైన మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. మోతాదు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. మనిషి 60 కిలోలు ఉంటే రోజుకు 300 మి.గ్రా. ఒక వయల్‌లో 50 మి.గ్రా. ఉంటుంది కాబట్టి రోజుకు ఆరు. మూడు వారాలు అనుకుంటే 126 వయల్స్. ఒక్క మనిషికి! ఏటా కొద్దిమందికే అవసరమయ్యే మందు ఒక్క నెలలో వేలమందికి కావాల్సి వచ్చింది. కొరత రాక తప్పలేదు. సోషల్ మీడియాలో ‘అర్జెంట్’ అంటూ వచ్చిన పోస్టులు మీకు గుర్తుండే ఉంటాయి.

ఎవరో ఫ్యాక్టరీ స్విచ్ వేస్తే పెరిగే ఉత్పత్తి కాదిది. మందును 100 నానోమీటర్ల లోపు ఉండే కొవ్వు పొరల గోళాల్లో ఇమడ్చాలి. కిడ్నీల మీద దుష్ప్రభావం తగ్గడానికే ఈ ఏర్పాటు. కెమికల్, ఫార్మా చదివేవాళ్లకు ఇదెంత కష్టమైన పనో అర్థమవుతుంది. కేంద్రం 2021 మేలో మరో అయిదు కంపెనీలకు తయారీ అనుమతి ఇచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. జూన్ 12న జీఎస్టీ కౌన్సిల్ ఈ మందు మీద పన్నును 5 శాతం నుంచి సున్నాకు తగ్గించింది.

ఐఐటీ హైదరాబాద్ కెమికల్ ఇంజినీరింగ్ విభాగం వాళ్లు కాలా ఆజార్ వ్యాధి కోసం చేసిన పరిశోధనతో 60 మి.గ్రా. ఆంఫోటెరిసిన్ నోటి మాత్రను రూపొందించి, సుమారు రూ.200 ధరకు ఇవ్వొచ్చని అప్పుడే ప్రకటించారు. గర్వపడాల్సిన పనే. అయితే ఇల్లు అలకగానే పండగ కానట్టు, ల్యాబ్‌లో మాత్ర తయారవగానే చికిత్స సిద్ధమైపోదు. రోగులపై ట్రయల్స్, అనుమతులు, ఉత్పత్తి, ధర.. ఇవన్నీ దాటాలి. వార్తా శీర్షిక చదివినప్పుడు ‘ఇది ఏ మెట్టు మీద ఉంది?’ అని అడగటం అలవాటు చేసుకోండి.

అయిపోయిన కథ కాదు

‘కొవిడ్ పోయింది కదా, ఇప్పుడెందుకు?’ అనొచ్చు. వైరస్ తర్వాత ఫంగస్ రావడం కొవిడ్‌తో మొదలు కాలేదు. బెల్జియం, నెదర్లాండ్స్ ఐసీయూల్లో తీవ్రమైన ఫ్లూతో చేరిన 432 మందిని పరిశీలిస్తే 83 మందికి, అంటే 19 శాతం మందికి ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ సోకిందని 2018లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబర్‌లో మొదటిసారి 19 ప్రమాదకర ఫంగస్‌ల జాబితా విడుదల చేసింది. మ్యూకర్‌మైకోసిస్‌కు కారణమయ్యే మ్యూకొరేల్స్ అందులో రెండో శ్రేణిలో ఉన్నాయి. గత పదేళ్లలో అమెరికా, ఐరోపా, చైనాల్లో అనుమతి పొందిన కొత్త ఫంగస్ మందులు నాలుగే అని అదే సంస్థ 2025 ఏప్రిల్‌లో చెప్పింది.

మన దేశంలో ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. స్టెరాయిడ్లు ఇప్పటికీ చేతికి సులువుగా అందుతున్నాయి. ఒళ్లు నొప్పులన్నా, ఆయాసమన్నా, తగ్గని జ్వరమన్నా, ఏ మందో తెలియని ఇంజెక్షన్ వేయించుకుని ‘భలే పనిచేసింది’ అనుకునేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. మూడు ఇన్‌పుట్‌లలో రెండు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. మూడోది ఏ సీజన్‌లో వస్తుందో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి ఆ మొదటి రెండే.

ఇంట్లో మీరు చేయగలిగింది

ఇంట్లో 30 దాటిన ప్రతి ఒక్కరికీ షుగర్ పరీక్ష చేయించండి. ప్రభుత్వ కార్యక్రమం కింద ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. పరగడుపున 126 లేదా అంతకు మించి, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి వస్తే షుగర్ ఉన్నట్టు. లక్షణాలేవీ లేకపోతే మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు.

షుగర్ ఉన్నవాళ్లకు జ్వరం వస్తే ఆ రోజుల్లో షుగర్ ఎక్కువసార్లు చూడాలి. ‘అన్నం సరిగా తినలేదు కదా’ అని షుగర్ మందులు మానేయడం ప్రమాదం. ఏం చేయాలో డాక్టర్‌నే అడగాలి.

చీటీలో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లు కనిపిస్తే రెండు ప్రశ్నలు వేయండి. ఎన్ని రోజులు వాడాలి? ఈ రోజుల్లో షుగర్ ఎప్పుడెప్పుడు చూడాలి? మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. అలాగని, ఇప్పటికే చాలా రోజులుగా వాడుతున్న స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. అది ఇంకో ప్రమాదం.

జ్వరం తగ్గాక కూడా కొన్ని వారాలు ఒక కన్నేసి ఉంచండి. ఒకవైపే ముక్కు మూసుకుపోవడం, నల్లగా లేదా రక్తంతో స్రావం, ముఖం ఒకవైపు నొప్పి లేదా తిమ్మిరి, పళ్లు కదలడం, అంగిట్లో నల్లమచ్చ, కన్ను వాయడం, ఒకటి రెండుగా కనిపించడం.. వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఇంకోటి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. 2021లో తెల్ల ఫంగస్, పసుపు ఫంగస్ అంటూ రంగుల పేర్లతో భయం పెరిగింది. రంగును బట్టి ఫంగస్‌ను గుర్తించలేం. సూక్ష్మదర్శినిలో, కల్చర్‌లో చూసి తేల్చాలి.

మరి ఉద్యోగాలు ఎక్కడ?

ఈ వైఫల్యంలో ఎక్కడెక్కడ మనుషులు తక్కువయ్యారో చూస్తే అవకాశాలు కూడా అక్కడే కనిపిస్తాయి.

ల్యాబ్: ముక్కులోంచి తీసిన చిన్న ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే, వెడల్పైన, అడ్డుగోడలు పెద్దగా లేని, దాదాపు లంబకోణంలో చీలే పోగులు కనిపిస్తాయి. ఖరీదైన పరీక్ష కాదు, కనిపెట్టే కన్ను కావాలి. డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివేవాళ్లు మైకాలజీ మీద కాస్త అదనంగా శ్రద్ధ పెడితే మిగతావాళ్లకంటే భిన్నంగా కనిపిస్తారు. చండీగఢ్ పీజీఐ ఈ రంగంలో దేశానికి పెద్ద కేంద్రం.

ఊరి స్థాయి: షుగర్‌ను ముందే పట్టుకునేది పెద్దాసుపత్రి కాదు, గ్రామ ఆరోగ్య కేంద్రం. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు ఎంఎల్‌హెచ్‌పీలుగా అక్కడ పనిచేస్తారు. ‘చిన్న ఉద్యోగం’ అనుకునేవాళ్లుంటారు. నా లెక్కలో మొదటి ఇన్‌పుట్‌ను ఆపగలిగేది వాళ్లే.

ఫార్మా: ఫార్మ్-డి, బీఫార్మసీ వాళ్లకు ఔషధ భద్రతా పర్యవేక్షణ, అంటే ఫార్మకోవిజిలెన్స్ మంచి దారి. మందు ఎక్కడ, ఎవరికి, ఎలా వికటించిందో నమోదు చేసే పని. కెమికల్ ఇంజినీర్లకు లైపోసోమల్ లాంటి సంక్లిష్ట మందుల తయారీ, నాణ్యత విభాగాలున్నాయి.

డేటా: 2021 ఏప్రిల్‌లో కేంద్రం ఐహెచ్‌ఐపీ అనే వ్యాధి నిఘా వేదికను ప్రారంభించింది. ఏ మండలంలో ఏ వ్యాధి పెరుగుతోందో వెంటనే చూడాలన్నది లక్ష్యం. మన సీఎస్‌ఈ వాళ్లు ఎంతసేపూ ఈ-కామర్స్ డేటా మీదే ప్రాజెక్టులు చేస్తారు. ఒకసారి ప్రజారోగ్య డేటా మీద చేసి చూడండి. ఆసక్తి ఉంటే చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ లాంటి చోట్ల ప్రజారోగ్యంలో పీజీ చేయొచ్చు.

వైద్య పరికరాలు: పైదవడ, కన్ను కోల్పోయినవాళ్లకు కృత్రిమ భాగాలు కావాలి. మెకానికల్, బయోమెడికల్ వాళ్లు త్రీడీ ప్రింటింగ్ నేర్చుకుంటే విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైపు చూడొచ్చు.

ఇంటర్వ్యూలో అడిగితే..

‘బ్లాక్ ఫంగస్ నుంచి మనం ఏం నేర్చుకున్నాం?’ అని అడిగితే అవగాహన పెంచాలి, మౌలిక వసతులు మెరుగుపరచాలి లాంటి అందరూ చెప్పే మాటలతో మొదలుపెట్టకండి. ఇలా చెప్పి చూడండి: ‘ఫంగస్ ఎప్పటి నుంచో ఉంది. అదుపు తప్పిన షుగర్, తీవ్రమైన వైరస్, సరిగా వాడని స్టెరాయిడ్ ఒకేచోట కలిసినప్పుడు అది ప్రాణాంతకమైంది. మూడింటిలో రెండింటిని మనం ముందే ఆపగలం. అందుకు కావాల్సింది కొత్త టెక్నాలజీ కంటే ముందు, ఊళ్లో క్రమం తప్పని షుగర్ పరీక్ష, స్టెరాయిడ్ ఇచ్చిన ప్రతిసారీ షుగర్ రీడింగ్.’

ఆ తర్వాత వాళ్లు వేసే ప్రశ్న బహుశా ఇదే: ‘మరి స్టెరాయిడ్లను నిషేధించాలంటారా?’ రికవరీ ట్రయల్‌లోని మూడు వరసలూ గుర్తుంటే జవాబు మీ దగ్గరే ఉంది.

ఇంటర్వ్యూ ఎప్పుడొస్తుందో తెలియదు. కానీ ఈ ఆదివారం మీరు ఇంట్లోనే ఉంటారు కదా. అమ్మానాన్నల షుగర్ ఆఖరుసారి ఎప్పుడు చూశారో అడగండి. సమాధానం ‘గుర్తులేదురా’ అని వస్తే, సోమవారం ఉదయం పరగడుపున వాళ్లను తీసుకెళ్లి పరీక్ష చేయించండి.